అవసరమా, అనవసరమా: తీర్పు ఎవరిది?



మన ఇండ్లలో తరచుగా ఒక చిన్న పంచాయితీ జరుగుతూ ఉంటుంది. ఇంట్లో ఒకరు ఒక వస్తువు కావాలంటారు. రెండవవారు "అది నిజముగా అవసరమా?" అని అడుగుతారు. అలా అడిగే మనిషి చేతిలోనే డబ్బు కూడా ఉంటుంది గనుక తీర్పు చెప్పేదీ ఆ మనిషే. మా ఇంట్లో ఆ పెద్దమనిషి స్థానములో నేను ముప్పై ఎనిమిది సంవత్సరములు కూర్చున్నాను. పక్షపాతము లేకుండా తీర్పు చెబుతున్నాననే నమ్ముకున్నాను. 2024 జనవరిలో సైకిలు కొనడానికి నా భార్యతో కలిసి బజారుకు వెళ్ళిన రోజున ఆ నమ్మకము పోయింది. ఆ సంగతి చెప్పి, దానివలన నాకు కలిగిన ప్రశ్నను మీ ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది బళ్ళారి. తుంగభద్ర ఆనకట్ట పనులు జరిగే రోజులలో మా నాయన ఒంగోలు ప్రాంతము నుండి కూలిపనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. ఆనకట్ట 1953లో పూర్తి అయింది. అదే సంవత్సరము అక్టోబరు 1న బళ్ళారి మద్రాసు రాష్ట్రము నుండి మైసూరు రాష్ట్రములోకి వచ్చింది. రాష్ట్రము మారినా మా బ్రతుకు మారలేదు. వెనుకకు పోదామంటే అక్కడ సెంటు భూమి లేదు. అటువంటి ఇంట్లో పుట్టినవానికి పైసా విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. నేను ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి, 1981లో ప్రాథమిక పాఠశాలలో చేరి, మొదటి జీతము అందుకున్న నాడే ఒక లెక్క పుస్తకము కొన్నాను.

ఆ పుస్తకములో ప్రతి పేజీకి మధ్యలో నిలువుగా ఒక గీత గీసేవాడిని. ఎడమవైపు 'అవసరము', కుడివైపు 'అనవసరము'. బియ్యము, కిరసనాయిలు, ఇంటి అద్దె, పిల్లల పుస్తకములు ఎడమవైపు. మిఠాయిలు, సర్కసు టిక్కెట్లు, తిరునాళ్ళలో కొన్న బొమ్మలు కుడివైపు. నెలాఖరున కుడివైపు మొత్తము తక్కువగా ఉంటే నాకు ఎంతో తృప్తి. పెండ్లి చేసుకునే కుర్రవారికి కూడా ఈ పద్ధతినే చెప్పేవాడిని.

ఇక సైకిలు సంగతి. నా సైకిలు 1987లో కొన్నది. 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రములు, కడ్డీ బ్రేకులు, నల్ల రంగు. నా తరము వారందరికీ తెలిసిన బండే. నేను పని చేసిన బడి తొమ్మిది కిలోమీటర్లు. పోయేటప్పుడు తొమ్మిది, వచ్చేటప్పుడు తొమ్మిది. ఎన్ని టైర్లు, ఎన్ని చైన్లు మార్చానో లెక్క పుస్తకములో ఉన్నది. 2018లో పదవీ విరమణ చేసిన తరువాత కూడా కూరగాయలకు, బ్యాంకుకు అదే బండి. 2023 చివరలో పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టము దగ్గర ఫ్రేము చీలింది. వెల్డింగు చేయించాను. నెల తిరగకముందే అతుకు ప్రక్కన మళ్ళీ చీలింది. "మేష్ట్రే, ఇక దీన్ని నమ్ముకోవద్దు. నడి రోడ్డులో విరిగితే పళ్ళు రాలతాయి" అన్నాడు మిస్త్రీ.

అందుచేత క్రొత్త సైకిలు కొనాలని నిశ్చయించి ఒక శనివారము సాయంత్రము ఇద్దరమూ బజారుకు వెళ్ళాము. మా చిన్నతనములో సైకిలు షాపు అంటే నల్లబండ్ల వరుస. ఇప్పుడు షాపు నిండా ఎరుపు, నీలము, ఆకుపచ్చ. నేను అలవాటు కొద్దీ అట్లాస్ ఉందా అని అడిగాను. 1951లో సోనీపత్‌లో మొదలైన ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూనులో మూసివేసిందని షాపు యజమాని చెప్పాడు. లూధియానా హీరో ఉన్నది, మద్రాసు అంబత్తూరు వైపు నుండి చిరకాలము మనకు వచ్చిన హెర్క్యులెస్ ఉన్నది. పాత నమూనా నల్లబండి కూడా ఒక మూల ఉన్నది. అదే తీసుకుందామనుకున్నాను.

కాని కుర్రవాడొకడు గేర్ల సైకిలు ముందుకు తెచ్చాడు. ముందు మూడు పళ్ళచక్రములు, వెనుక ఏడు. మూడేడులు ఇరవై ఒకటి. వెనుక పెద్ద పళ్ళచక్రము మీదికి చైను ఎక్కిస్తే త్రొక్కడము తేలిక, దూరము తక్కువ. చిన్నదాని మీదికి దింపితే త్రొక్కడము బరువు, దూరము ఎక్కువ. ఈ సూత్రము నేను పిల్లలకు పాఠముగా చెప్పినదే. ధర 13,000 రూపాయలు. ఎన్నడూ లేనిది నాకు దాని మీద మనసు పడింది. "మోకాళ్ళ నొప్పులకు ఇది మంచిది. ఈ వయసులో ఇది అవసరమే" అన్నాను.

నా భార్య దానిని ముందు నుండి వెనుక వరకు చూసింది. "మన వూళ్ళో రోడ్లన్నీ చదునే కదండీ. దీని మీద కోటగుట్ట ఎక్కుతారా?" అన్నది. నేను నవ్వాను. ఆమె మళ్ళీ, "దీన్ని మీ పుస్తకములో ఏ వైపు వ్రాస్తారు?" అన్నది. ఎత్తిపొడుపుగా అనలేదు. తెలుసుకోవాలనే అడిగింది. నేను జవాబు చెప్పకుండా సీటు ఎత్తు సరిచూస్తున్నట్లు వంగాను.

కొంచెము సేపటికి చూస్తే ఆమె ప్రక్క వరుసలో ఒక లేడీస్ సైకిలు హేండిలు పట్టుకొని నిలుచున్నది. 26 అంగుళాల చక్రములు, ముందు బుట్ట, చైనుకు పూర్తి కవరు, చీర చిక్కుకోకుండా వెనుక చక్రము మీద జాలి. "ఇది ఎంత బాబూ?" అని అడిగింది. 6,500 అన్నాడు.

"ఎవరికి?" అన్నాను.

"నాకే."

నేను మనసారా నవ్వేశాను. "ఈ వయసులో నీకు సైకిలెందుకు? ఎక్కడికి వెళ్ళాలన్నా నేను లేనా?" అన్నాను. ఆ కుర్రవాడు కూడా నవ్వాడు. ఆమె హేండిలు మీద నుండి చేయి తీసేసింది. ఆ చేయి తీసిన తీరు నాకు ఇప్పటికీ కనబడుతుంది. వేడి పాత్రను తాకినప్పుడు తీసినట్లు తీసింది. తరువాత ఆ షాపులో ఆమె మరొక మాట మాట్లాడలేదు. ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చాము.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గేర్ల సైకిలు ఏ వైపు వ్రాయాలనే ప్రశ్న విడువలేదు. లేచి ట్రంకు పెట్టెలోని పాత లెక్క పుస్తకములు తీశాను. నేను ఎంత జాగ్రత్త గలవాడనో చూసుకొని ధైర్యము తెచ్చుకుందామనుకున్నాను. చూడగా చూడగా వేరొకటి కనబడింది.

1987: నా సైకిలు, నెల జీతములో సగము కంటె ఎక్కువ. ఎడమవైపు. 1990: నాకు చేతి గడియారము. బడి వేళ తప్పకూడదు గనుక ఎడమవైపు. 1993: ఆమెకు గొడుగు. కుడివైపు! బళ్ళారి ఎండ ఎటువంటిదో ఇక్కడ ఉన్నవారికి తెలుసు. 1998: నాకు కళ్ళద్దములు, ఎడమవైపు. 2004: జబ్బుపడిన స్నేహితురాలిని చూడడానికి ఆమె ఎక్కిన ఆటో బాడుగ, కుడివైపు. చేతివ్రాత నాది. గీత గీసినదీ నేనే. నా కొరకు కొన్నవి దాదాపు అన్నీ ఎడమవైపు పడ్డాయి. ఆమె కొరకు కొన్నవి చాలా వరకు కుడివైపు పడ్డాయి. ఇందులో ఒక్కటి కూడా నేను దురుద్దేశముతో వ్రాయలేదు. భయము కలిగించినది అదే.

ఉదయము కాఫీ త్రాగేటప్పుడు, "నీకు సైకిలు త్రొక్కడము వచ్చునా?" అని అడిగాను. పెండ్లయిన ఇన్నేండ్లకు అడిగిన ప్రశ్న అది.

ఆమె పుట్టి పెరిగినది గంగావతి దగ్గర ఒక క్యాంపులో. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు వచ్చిన తరువాత కోస్తా జిల్లాల రైతులు వచ్చి అక్కడ భూములు కొని కట్టుకున్న ఊళ్ళను నేటికీ క్యాంపులనే అంటారు. వారితో పాటు వచ్చిన కూలి కుటుంబములలో మా మామగారిది ఒకటి. పదేండ్ల వయసులో తండ్రి సైకిలు బారు క్రింద నుండి కాలు దూర్చి, ఒక ప్రక్కకు వంగి త్రొక్కడము నేర్చుకున్నదట. హైస్కూలుకు అయిదు కిలోమీటర్లు కాలువ గట్టు మీద అదే సైకిలు త్రొక్కుకుంటూ పోయేదట. 1985లో పెండ్లి అయి బళ్ళారి వచ్చింది. అంతటితో సరి.

"మీరు 1987లో క్రొత్తది కొన్నప్పుడు పాతది అమ్మవద్దు, నేను త్రొక్కుకుంటానన్నాను. మేష్టరు భార్య సైకిలు త్రొక్కితే నలుగురూ ఏమంటారన్నారు మీరు. జ్ఞాపకము లేదా?"

నాకు జ్ఞాపకము లేదు. మళ్ళీ పుస్తకము తెరిచాను. 1987 జూను, రాబడి: పాత సైకిలు అమ్మినది, 110 రూపాయలు. అంతే ఉన్నది. ఆమె అడిగినట్లు లేదు. నేను కాదన్నట్లు లేదు. ఎందుకుంటుంది? లెక్క పుస్తకములో ఖర్చు పెట్టినది వ్రాస్తాము, వచ్చినది వ్రాస్తాము. ఒకరు అడిగి, మనము కాదనగా మిగిలిన సొమ్మును పొదుపు అంటాము. ఆ పొదుపు ఎవరి మీద పడిందో వ్రాసే వరుస ఏ లెక్క పుస్తకములోనూ లేదు. నేను మరచిపోయిన ఆ మాటను ఆమె ముప్పై ఏడు సంవత్సరములు మోసింది.

అప్పుడు "ఎందుకు?" అనే ప్రశ్న మాని, "ఎక్కడికి వెళ్ళాలని ఉంది?" అని అడిగాను. రెండు కిలోమీటర్ల దూరములో మంచము పట్టిన స్నేహితురాలు ఉన్నది. పెందలాడే వెళితే కూరగాయలు తాజాగా దొరుకుతాయి. అమ్మాయి ఇంటికి పోవాలంటే ఆటోకు పోను నలభై, రాను నలభై. ఇవి చెప్పి కొంచెము ఆగి అన్నది: "మీరు పేపరు చదవడము అయ్యి, చొక్కా వేసుకొని వచ్చేదాకా గుమ్మములో నిలబడే పని ఉండదు."

పాఠకులారా, ఈ ఒక్క మాట దగ్గర నేను చాలా దినములు ఆగిపోయాను. ఆమె కోరినది ఇనుప వస్తువు కాదు. ఒకరిని అడగకుండా, ఒకరి కొరకు కనిపెట్టకుండా ఇల్లు దాటి వెళ్ళి రావడము. అది నాకు పద్ధెనిమిదవ ఏటి నుండి ఉన్నది. ఉన్నది గనుకనే నేను దానిని ఎన్నడూ అవసరముల జాబితాలో వ్రాయలేదు. కడుపు నిండినవానికి అన్నము జ్ఞాపకము రానట్లే, తనకు ఎప్పుడూ ఉన్నది ఎదుటివారికి లేదన్న సంగతి మనిషికి తోచదు. కాబట్టి ఒకరి అవసరమును రెండవవారు తమ కొలపాత్రతో కొలిచితే, ఎంత నీతిమంతుడు కొలిచినా కొలత తప్పుతుంది. ఇది నేను నేర్చుకున్న మొదటి సంగతి.

నాకు ఇది తెలియక కాదు. 2006-07లో కర్ణాటక ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు సైకిళ్ళు ఇచ్చే పథకము మొదలుపెట్టినప్పుడు, మా బడి ప్రక్కనున్న హైస్కూలులో జరిగిన సభకు నన్ను కూడా పిలిచారు. ఆడపిల్లలు వరుసగా నిలబడి సైకిళ్ళు అందుకుంటుంటే చప్పట్లు కొట్టాను. ఆడపిల్ల బడి మానకుండా ఉండాలంటే సైకిలు ఎంత అవసరమో వివరించి మాట్లాడాను కూడా. ఆ సాయంత్రము ఇంటికి వచ్చేసరికి నా భార్య రెండు చేతులా సంచులు మోసుకుంటూ బజారు నుండి నడిచి వస్తున్నది. సంచులు అందుకున్నాను. కాని ఆ సభకూ ఈ సంచులకూ సంబంధమున్నదని నాకు తట్టలేదు.

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా సంగతి మనలో కొందరికైనా తెలిసి ఉంటుంది. 1991లో అక్కడ అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమము మొదలైనది. అప్పటి జిల్లా కలెక్టరు షీలా రాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు నేర్పడమును కూడా ఆ ఉద్యమములో చేర్చారు. పొలము పనుల వారు, రాతి క్వారీలలో పనిచేసేవారు, గ్రామ ఉపాధ్యాయినులు, నర్సులు, వేలాది మంది స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవారి సైకిళ్ళే ఎక్కారు. ముందు బారు మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు గనుక అదే మేలన్నవారు కూడా ఉన్నారు. బస్సు కొరకు, భర్త కొరకు, అన్నదమ్ముల కొరకు ఎదురుచూడకుండా నీళ్ళకు, సంతకు, పనికి పోయి వేళకు ఇల్లు చేరారు. "మీకు సైకిలు ఎందుకు?" అని అక్కడ కూడా చాలామంది నవ్వే ఉంటారు. వారి ప్రశ్నకు జవాబు చెప్పి, అనుమతి తీసుకొని ఆ స్త్రీలు బయలుదేరవలసి ఉంటే, ఇప్పటికీ బస్సు కొరకే నిలబడి ఉండేవారు.

రెండవ సంగతి పొదుపును గురించి. పొదుపు మంచి గుణమే. మన పెద్దలు నోరు కట్టుకొని కూడబెట్టబట్టే మనము ఈ మాత్రము నిలబడ్డాము. అయితే నోరు కట్టుకోవడము వేరు, ఎదుటివారి నోరు కట్టడము వేరు. నేను ఒక పూట కాఫీ మానుకుంటే అది నా త్యాగము. ఆమె గొడుగు మానిపించి నేను పొదుపరినని చెప్పుకుంటే, ఎండ ఆమెకు, పేరు నాకు. "జీతము నాది కదా" అందామా? తెల్లవారుజామున అయిదింటికి లేచి క్యారియరు కట్టకపోతే నేను తొమ్మిది కిలోమీటర్లు త్రొక్కి వేళకు బడి చేరేవాడిని కాను. జీతము నా పేరు మీద వచ్చింది. సంపాదించినది ఇద్దరము.

మూడవది మౌనము. "ఆమె మళ్ళీ ఎన్నడూ అడగలేదు కదా, అడిగితే కొనిపెట్టేవాడిని కదా" అని నా మనసు నన్ను సమర్థించబోయింది. తరగతిలో చేయి ఎత్తిన పిల్లవాడిని రెండుసార్లు నవ్వి కూర్చోబెడితే మూడవసారి చేయి ఎత్తడు. వానికి సందేహములు తీరిపోయాయని ఏ ఉపాధ్యాయుడైనా అనుకుంటాడా? శిక్షణ తీసుకున్న మొదటి సంవత్సరములోనే మాకు నేర్పిన పాఠము ఇది. బడిలో పాటించాను, ఇంట్లో మరచిపోయాను.

ఇక్కడ ఒకరు న్యాయముగా ఒక ఆక్షేపణ చేయవచ్చు. "ఎవరికి వారు నాకిది అవసరమంటే ఇల్లు ఎలా నడుస్తుంది? రాబడి ఒకటే కదా? ఎవరో ఒకరు వద్దనాలి కదా?" నిజమే. నేను కూడా అదే అనుకున్నాను. కాని షాపులో జరిగినది ఒకసారి జ్ఞాపకము చేసుకోండి. 13,000 రూపాయల సైకిలును అవసరమన్నది లెక్క పుస్తకము వ్రాసే నేను. మన రోడ్లకు అది అనవసరమని సరిగా చెప్పినది, ఒక్క లెక్క కూడా వ్రాయని ఆమె. మనిషి తన కోరికకు కారణము వెదకడములో ఎంత నేర్పరియో, ఎదుటివారి కోరికకు కారణము అడగడములో అంత కఠినుడు. అందుచేత వద్దనడము ఉండవలసిందే. ఆ అధికారము ఒకరి చేతిలోనే ఉండకూడదు. నా కోరికను ఆమె అడగాలి, ఆమె కోరికను నేను అడగాలి, ఇద్దరమూ ఒకే ప్రశ్న అడగాలి.

మేము చేసుకున్న ఏర్పాటు చెబుతాను. ఇదే సరియైనదని అనను. నెల మొదట ఇద్దరమూ కూర్చుంటాము. ఇంటి ఖర్చు, మందులు, ఇవ్వవలసినవి తీయగా మిగిలిన దానిలో ఇద్దరికీ సమానముగా కొంత. దానిని ఎవరు దేనికి ఖర్చు పెట్టారో రెండవవారు అడగరు. పెద్ద వస్తువైతే మూడు ప్రశ్నలు. దీనిని వాడేది ఎవరు? ఇది లేకపోవడము వలన కష్టము ఎవరి మీద పడుతున్నది? ఇద్దరిలో ఇదివరకు ఆగినది ఎవరు? మూడవ ప్రశ్న ఆమె చేర్చినది. లెక్క పుస్తకము ఇప్పటికీ ఉన్నది. మధ్యలో గీత మాత్రము గీయడము మానేశాను.

తరువాతి శనివారము మళ్ళీ అదే షాపుకు వెళ్ళాము. ఈసారి ఆమె ముందు, నేను వెనుక. కుర్రవాడు సీటు దింపి పెట్టాడు. ఆమె ఎక్కి కూర్చొని, పెడలు క్రిందికి వచ్చినప్పుడు మడమ అందుతున్నదా అని చూసుకొని, "ఇంకొంచెము పైకి" అన్నది. నాకంటె ఆమెకే బాగా తెలుసు. సీటు మరీ క్రిందికి ఉంటే మోకాళ్ళు పట్టేస్తాయి. షాపు ప్రక్క సందులో మొదటిసారి రెండు గజములు పోయి కాలు ఆనించింది. రెండవసారి హేండిలు వణికింది. నేను పట్టుకోబోయాను. "మీరు తప్పుకోండి" అన్నది. మూడవసారి సందు చివరి వరకు వెళ్ళి, దిగకుండా మళ్ళుకొని వచ్చింది. ముప్పై తొమ్మిదేండ్ల తరువాత! ఊపిరి ఎగపోస్తున్నది. ముఖములో నేను ఎరుగని ఒక చిన్న పిల్ల కనబడింది.

నేను చేసిన దానికి దీనితో సరిపోయిందని చెప్పలేను. ఆ రాత్రి "ఇన్నేండ్లు ఆపాను, మన్నించు" అన్నాను. ఆమె, "మన్నించడానికేముంది. కాని మోకాళ్ళు బాగున్నప్పుడు కొని ఉంటే ఇంకా దూరము పోయేదాన్ని" అన్నది. అది నిష్ఠూరము కాదు, నిజము. ఆలస్యముగా చేసిన న్యాయము పోయిన సంవత్సరములను తిరిగి తీసుకురాదు. అయినా, ఎలాగూ ఆలస్యమయింది గనుక ఇప్పుడెందుకని ఊరుకుంటే, మొదటి తప్పు ప్రక్కన రెండవ తప్పు చేసినట్లు.

మరి నా సైకిలు మాటేమిటి అంటారా? రెండు కొనలేదు. నడుము పట్టేసి నాకు కాలు ఎత్తి బారు దాటించడము కష్టమవుతున్నది. బారు లేని బండి ముసలి మగవానికి కూడా అనువే. కనుక ఆ లేడీస్ సైకిలునే నేనూ వాడుతున్నాను. వీధి పిల్లలు "తాత లేడీస్ సైకిలు!" అని నవ్వుతారు. నలుగురూ ఏమంటారోనని 1987లో నేను ఎవరిని ఆపానో జ్ఞాపకము చేసుకొని, బెల్లు కొట్టి ముందుకు పోతాను.

అయితే సైకిలు ఆమెది. తాళము చెవి ఆమె కొంగున ఉంటుంది. నాకు కావలసినప్పుడు అడిగి తీసుకుంటాను. అడగడము ఎలా ఉంటుందో ఈ వయసులో తెలుసుకుంటున్నాను. గొంతు కొంచెము తగ్గుతుంది. ఎందుకో కారణము చెప్పాలనిపిస్తుంది, ఆమె అడగకపోయినా సరే. మొన్న బ్యాంకుకు పోవాలని అడిగితే, "ఈ పూట నాకు పని ఉన్నదండీ" అన్నది. ఏమి పని అని నోటి దాకా వచ్చింది. అడగలేదు. చెప్పులు వేసుకొని నడిచి వెళ్ళాను. ఎండ బాగా ఉన్నది. దారిలో గొడుగు గుర్తుకు వచ్చింది.

మీ ఇండ్లలో కూడా వ్రాసినవో, మనసులో ఉంచుకున్నవో లెక్క పుస్తకములు ఉంటాయి. ఒక సాయంత్రము తీసి చూడండి. ఏ వైపున ఎవరి పేరు ఎక్కువగా ఉన్నదో చూడండి. తరువాత ఇంట్లోవారిని పిలిచి, ఎందుకని కాక, ఎక్కడికి వెళ్ళాలని ఉందని అడగండి.